నియమం అడిగినవాడు చాదస్తుడా?

యుద్ధక్రీడల ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకొక ఎత్తిపొడుపు ఎదురవుతూంటుంది. "మీరు ఆడుకోవడానికి కూర్చున్నారా, వ్యాజ్యం నడపడానికి కూర్చున్నారా?" అని. నాలుగు అట్టముక్కలు, గళ్ళు గీసిన పటం, పాచికలు; ఇంతమాత్రానికి పుటలకొద్దీ నియమావళి ఎందుకట, దానిమీద మళ్ళీ సందేహాలూ సమాధానాలూ ఎందుకట. నియమంలోని మాటకు అర్థమడిగినవాడు రసభంగం చేసే చాదస్తుడు. "పోనిద్దురూ, సర్దుకుపోదాం" అన్నవాడు రసికుడు. ఈ తీర్పు అన్యాయమనీ, పైపెచ్చు చరిత్రపట్ల అపచారమనీ నా వాదన.

ముందుగా ఒక చిన్న లెక్క చూద్దాం. 11 పాళ్ళ బలం 4 పాళ్ళ బలంమీద దాడి చేసింది. నిష్పత్తి 2.75. ఫలితాల పట్టికలో 2కి 1 అనే వరుస ఉంది, 3కి 1 అనే వరుస ఉంది, నడుమ ఏమీ లేదు. ఏది చూడాలి? అవలాన్ హిల్ సంస్థ పాత ఆటల్లో భిన్నాన్ని రక్షకుడికి అనుకూలంగా సవరించేవారు. అంటే 2కి 1 మాత్రమే. మూడో వరుస కావాలంటే దాడి చేసేవాడు ఇంకొక్క పాలు బలం తేవాలి. అది ఆకాశంనుంచి ఊడిపడదు, మరోచోటి వరుసను పలచన చేసి తేవలసిందే. ఆ పలచనైన చోటే శత్రువు పొడుస్తాడు. బలగాలను ఒకచోట కూడగట్టడంలో సేనాపతి పడే సంకటమంతా ఆ ఒక్క వాక్యంలో ఇమిడి ఉంది. "దగ్గరి అంకెకు సర్దుకుందాం" అనేవాడు ఆ సంకటాన్ని చెరిపేసి దాడి చేసేవాడికి ఉచితంగా బలం పంచుతున్నాడు. అతడు సర్దింది భిన్నాన్ని కాదు, యుద్ధాన్ని.

"పక్కగడి" అనే మాట సంగతీ అంతే. చతురస్రపు గళ్ళలో మూలగా ఉన్నది పక్కగడా, కాదా? అవునంటే మూలకు నడిచే దళం అదే ఖర్చుతో 1.41 రెట్లు దూరం పోతుంది. 1958లో చతురస్రాలతో వెలువడిన 'గెటిస్‌బర్గ్' ఆట 1961 కూర్పులో షట్కోణాలకు మారింది. షట్కోణానికి ఆరుగురు పొరుగువారు, ఆరుగురూ సమదూరమే. సందేహాన్ని దబాయించి నోరు మూయించకుండా, సందేహానికి తావే లేని గడిని వాడుకలోకి తెచ్చారు. దీన్ని చాదస్తమంటారా?

ఇక విద్వాంసుల వాదం ఒకటి ఉంది. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే యువ ఫిరంగిదళాధికారి యుద్ధక్రీడకు నియమావళి ప్రచురించాడు. 1:8000 కొలతలో పటం, ఒక్కొక్క ఎత్తుకు రెండు నిమిషాల కాలం, నష్టాలకు పాచికలూ పట్టికలూ. లెక్కలు తెమలక మధ్యవర్తులు విసిగిపోయారు. 1876లో వెర్దీ దు వెర్న్వా పట్టికలను పక్కనబెట్టి, అనుభవజ్ఞుడైన మధ్యవర్తి వివేకమే చాలన్నాడు. నియమాలను ఈసడించే మన మిత్రులకు ఈయనే ఆరాధ్యుడు. కానీ వెర్దీ 1870 యుద్ధంలో మోల్ట్కే కార్యాలయంలో పనిచేసినవాడు. ఆయన వివేకం వెనుక కళ్ళారా చూసిన యుద్ధముంది. భోజనాల బల్లచుట్టూ కూర్చున్న మనలో ఎవరి వెనుక ఏముంది?

వివేకమున్నవాళ్ళ దగ్గరైనా ఏమవుతుందో చూడండి. 1942 మే నెలలో, మిడ్వే దండయాత్రకు ముందు, జపాను నౌకాదళం యమాటో నౌకపై బల్లమీద ఆ యుద్ధాన్ని ఆడి చూసుకుంది. ఒకుమియా పాచికలు వేసి, శత్రువిమానాల బాంబులు తొమ్మిది తగిలాయనీ, అకగి, కగ అనే రెండు విమానవాహక నౌకలూ మునిగాయనీ తేల్చాడు. పర్యవేక్షకుడైన ఉగకి ఆ తొమ్మిదిని మూడు చేశాడు. అకగి బతికింది. మునిగిన కగ కూడా తరువాతి ఘట్టంలో మళ్ళీ తేలింది! జూన్ 4నాటి అసలు దాడుల్లో దెబ్బతిని ఆ రెంటితోబాటు మరి రెండు విమానవాహక నౌకలూ మునిగిపోయాయి.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆటలో దాడి చేసినవి నేలస్థావరపు విమానాలు. అసలు యుద్ధంలో మిడ్వే దీవినుంచి వచ్చిన విమానాల బాంబు ఒక్కటీ ఆ నౌకలకు తగలలేదు. నౌకలను ముంచినవి అమెరికా విమానవాహక నౌకలనుంచి లేచిన డైవ్ బాంబర్లు. కనుక తొమ్మిది ఎక్కువన్న ఉగకి అంచనా తప్పు కాకపోవచ్చు. నా ఆక్షేపణ అంకెమీద కాదు, వేళమీద. పట్టిక అతిగా ఉందనుకుంటే పాచిక పడకముందే దిద్దాలి. ఫలితం కంటపడ్డాక దిద్దితే అది సవరణ కాదు, కోరిక. మునిగిన ఓడను తేల్చడానికైతే ఏ అంచనా సాయం రాదు. ఎదుటివాడి దాడివల్ల తమకేమవుతుందో తెలుసుకోవడానికి కూర్చున్నవాళ్ళు, తాము వినదలచిన జవాబునే ఆటచేత చెప్పించుకున్నారు.

అయితే నియమాలు పెంచుకుంటూ పోవడమే స్పష్టత అని నేననడం లేదు. 1979లో రిచర్డ్ బెర్గ్ రూపొందించిన 'ది కాంపెయిన్ ఫర్ నార్త్ ఆఫ్రికా' ఆటలో ఇటలీ దళాలు పాస్తా ఉడికించుకోవడానికి ఎడారిలో అదనంగా నీళ్ళు కావాలనే నియమం ఉంది. నవ్వుకోవడానికి బాగుంటుంది. నియమాల సంఖ్య వేరు, స్పష్టత వేరు. పది నియమాలున్న ఆటలో ఒక్కటి రెండర్థాలిచ్చినా ఆడేది రెండు ఆటలే. మన పాత చదరంగంలో బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే నడుస్తుంది, అంతర్జాతీయ పద్ధతిలో రెండు నడవవచ్చు. ముందుగా అడగకుండా కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు ఎవరి ఆట వారు ఆడుకుని, చివరికి ఒకరినొకరు దొంగ అనుకుంటారు.

కాబట్టి నేను కోరేది మూడే మూడు. సందేహాన్ని పాచిక చేతిలో ఉండగానే లేవనెత్తాలి. రాసిన వాక్యం ఏమంటోందో చూడాలే తప్ప, రాసినవాడి మనసులో ఏముందోనని సోదె చెప్పకూడదు. ఒకసారి తేల్చుకున్న అర్థాన్ని కాగితంమీద పెట్టి, అది మనకే బెడిసికొట్టిన రోజున కూడా పాటించాలి.

ఈ మూడవదే కష్టం. సర్దుకుపోదామనే ఔదార్యం సాధారణంగా ఓడిపోతున్నవాడి నోటనే వినబడుతుంది. గెలుస్తూ ఉండి నియమం తనకు వ్యతిరేకమని చదివి చెప్పినవాణ్ణి చూపించండి, అతడే రసికుడని నేనూ ఒప్పుకుంటాను.