మెట్ల లెక్క – మనిషి శ్రమ

శరీర శ్రమను అంకెలలో చూచుకొని సంతోషించడం ఈ కాలపు అలవాటు. ఒకనాడు వేళ తెలుసుకొనుటకు మాత్రమే ధరించిన చేతి గడియారం నేడు గుండె వేగాన్ని, నడిచిన అడుగులను, ఎక్కిన అంతస్తులను కూడా చెబుతున్నది. విద్యార్థులు ఈ అంకెలను ఒకరితో ఒకరు పోల్చుకొంటున్నారు. వీటిని బట్టి పోటీలు నడిపి బహుమతులు ఇస్తే బాగుండునన్న మాట కూడా వినబడుతున్నది. ఆరోగ్యం పట్ల శ్రద్ధ హర్షించదగినదే. కాని ఒక పరికరాన్ని న్యాయనిర్ణేతగా కూర్చుండబెట్టే ముందు అది దేనిని కొలుస్తున్నదో తెలుసుకొనడం విద్యావంతుల విధి అని మా అభిప్రాయం.

గడియారానికి మెట్లు కనిపించవు. అది కొలిచేది గాలి ఒత్తిడిని. పైకి పోయినకొలదీ వాయుపీడనం తగ్గుతుందన్న సత్యం కొత్తది కాదు. 1648లో ఫ్రాన్సు దేశంలో పాస్కల్ కోరికపై ఆయన బావ పెరియే, పుయ్ ద దోమ్ అనే పర్వతం మీదికి పాదరసపు గొట్టాన్ని మోసుకొనిపోయి, శిఖరంపై పాదరసం మట్టం తగ్గడం కన్నులారా చూచాడు. నేటి గడియారంలో పాదరసం లేదు. దాని స్థానంలో మినపగింజంత పీడనమాపకం ఉన్నది. సూత్రం మాత్రం అదే.

సముద్రమట్టానికి దగ్గరగా ఒక మీటరు పైకి పోతే పీడనం సుమారు 12 పాస్కల్‌లు తగ్గుతుంది. ఫిట్‌బిట్, ఆపిల్ వంటి సంస్థలు సుమారు 10 అడుగుల ఎత్తును, అనగా 3 మీటర్లను, ఒక అంతస్తుగా లెక్కిస్తున్నాయి. అంటే ఒక అంతస్తుకు పీడనంలో వచ్చే మార్పు మొత్తంలో సుమారు మూడువేలవ వంతు మాత్రమే. ఇంత స్వల్పమైన తేడాను పట్టుకొనడం శాస్త్ర విజయమే. ఆ ఘనతను మేము కాదనడం లేదు.

అయితే గాలి మన మెట్ల కోసమే మారదు. మన ఉష్ణదేశాలలో ఉదయం పది గంటల ప్రాంతాన పీడనం హెచ్చి, సాయంకాలం నాలుగు గంటల వేళకు రెండు మూడు హెక్టోపాస్కల్‌లు తగ్గడం నిత్యం జరిగేదే. ఈ లెక్కన కుర్చీలో కదలక కూర్చున్నవాడు కూడా ఇరవై మీటర్లు పైకి పోయినట్లే! అందుచేతనే తయారీదారులు పీడనం త్వరగా తగ్గాలి, దానితోపాటు అడుగుల కదలిక కూడా ఉండాలి అనే నియమం పెట్టారు. కనుకనే లిఫ్టులో నిలబడి పోయిన ఎత్తు లెక్కకు రాదు. వ్యాయామశాలలోని మెట్ల యంత్రంపై చెమటోడ్చినా, ఎత్తు మారదు గనుక అంతస్తులు సున్న. నడుస్తుండగా ఈదురుగాలి వీచినా, మూసి ఉన్న గది తలుపు తెరచినా ఒక్కొక్కప్పుడు లేని అంతస్తు పుట్టుకొస్తుంది. పదిహేను అడుగుల ఎత్తుగల పాత భవనాలలో రెండంతస్తులు ఎక్కితే గడియారం మూడని చెప్పవచ్చు.

ఇవన్నీ కొలతలోని లోపాలు. ఇంతకన్న పెద్ద విషయం మరొకటి ఉన్నది. అరవై కిలోల మనిషి మూడు మీటర్లు ఎక్కడానికి తన బరువును ఎత్తే పని సుమారు 1,760 జౌళ్లు. అదే మనిషి భుజాన ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ పెట్టుకొని ఎక్కితే ఆ పని సుమారు 2,350 జౌళ్లు, అనగా మూడవ వంతు అధికం. గడియారం ఇద్దరికీ ఒక్క అంతస్తే వేస్తుంది. పైగా క్యాన్‌ను పట్టుకొన్న చేయి ఊగదు గనుక ఆ అడుగులు లెక్క తప్పినా తప్పవచ్చు. నిజం చెప్పాలంటే, ప్రతి కళాశాలలోను అందరికన్న ఎక్కువ మెట్లు ఎక్కే అటెండరు చేతికి అసలు గడియారమే ఉండకపోవచ్చు. కాలు సరిగా లేక లిఫ్టునో ర్యాంపునో ఆశ్రయించే విద్యార్థి ఎంత కష్టపడి తరగతికి చేరినా అతని ఖాతాలో చేరేది సున్నయే కావచ్చు.

కాబట్టి అంతస్తుల లెక్కను బట్టి బహుమతులు ఇవ్వడం న్యాయం కాదని కళాశాల సంఘం వారికి మనవి చేస్తున్నాము. ఆ ధనంతో మెట్ల దారిలో దీపాలు, గట్టి పట్టుగొమ్ములు, అవసరమైనచోట ర్యాంపు ఏర్పాటు చేస్తే గడియారం ఉన్నవారికీ లేనివారికీ సమానంగా మేలు కలుగుతుంది.

విద్యార్థి మిత్రులారా! గడియారాన్ని పారవేయమని మేము చెప్పడం లేదు. నిన్నటి మీ లెక్కతో నేటి మీ లెక్కను పోల్చుకొనుటకు అది మంచి తోడు. అదే గడియారం, అదే మెట్లు, అదే మనిషి అయినపుడు ఆ పోలికకు కొంత విలువ ఉన్నది. ఇతరులతో పోల్చుకొని గర్వించుటకు గాని, కుంగిపోవుటకు గాని దానిని వాడకండి. గాలి ఒత్తిడి ఎంత మారినదో గడియారం చెప్పగలదు. ఎవరు ఎంత బరువుతో ఎక్కారో గమనించవలసినది మనమే.