పనిమంతుడే కదా అని ఊరుకుందామా?

ఒక మనిషి లోపలికి రాగానే అందరూ మాటలు ఆపి తలలు దించుకోవడం మీరు పనిచేసే చోట ఎప్పుడైనా గమనించారా? నేను గమనించాను.

కొన్నేళ్ళ క్రితం ఒక కుట్టు షెడ్డులో లెక్కలు రాసేవాడిని. అక్కడి కటింగ్ మాస్టారు మంచి పనిమంతుడు. జానెడు గుడ్డ కూడా వృథా కానిచ్చేవాడు కాదు. కానీ ఎవరైనా సందేహం అడిగితే పదిమందిలో నవ్వులపాలు చేసేవాడు. ఒకరి మాటలు మరొకరికి చేరవేసేవాడు. యజమానితో చెప్పుకుంటే, "పాలిచ్చే ఆవు తన్నినా ఓర్చుకోవాలి కదమ్మా" అనేవారు.

ఒకనాడు ఏమైందో చూడండి. గుడ్డ పొరలు పరిచే కుర్రవాడికి ఎటు తిప్పి పరచాలో అనుమానం వచ్చింది. అడగలేదు. కట్టలు కట్టే అమ్మాయి మొదటి కోతలోనే చొక్కా చేతులన్నీ ఎడమవైపువే వచ్చాయని గుర్తించింది. చెబితే తిడతాడని ఊరుకుంది. సాయంత్రానికి రెండువందల చొక్కాల చేతులు పనికిరాకుండా పోయాయి. తిట్లు తిన్నది మాత్రం ఆ అమ్మాయే.

నష్టం అక్కడితో ఆగలేదు. మాస్టారిని చూసి పాత టైలర్లు కూడా కొత్తవాళ్ళను కసురుకోవడం మొదలుపెట్టారు. ఓపికగా పని నేర్పే ఇద్దరు ముందుగా మానేశారు. బయట పని సులువుగా దొరికేది అలాంటివారికే మరి!

గట్టిగా మాట్లాడేవారందరినీ ఒకే గాటన కట్టకండి. తప్పును చూసి కోప్పడేవారు వేరు, మనిషిని చిన్నబుచ్చేవారు వేరు.

అమెరికాలో హౌస్‌మన్, మైనర్ అనే ఇద్దరు పరిశోధకులు 11 సంస్థల్లోని 50,000 మందికి పైగా ఉద్యోగుల వివరాలు పరిశీలించి, 2015లో ఫలితాలు ప్రకటించారు. వేధింపులు, మోసం, దౌర్జన్యం వంటి కారణాలతో ఉద్యోగం పోగొట్టుకున్నవారు సగటు ఉద్యోగి కంటే వేగంగానే పనిచేసేవారట! అయినా అలాంటి ఒక్కరిని దూరంగా ఉంచితే కలిగే లాభం, అందరికంటే గొప్ప పనిమంతుణ్ణి తెచ్చుకుంటే వచ్చే లాభానికి రెండు రెట్లకు పైనే అని వారు లెక్కగట్టారు. మా యజమాని ఆవు లెక్క తప్పన్నమాట.

కాబట్టి దీన్ని ఇద్దరి మధ్య తగాదాగా చూడడం నాకు సమ్మతం కాదు. సరిదిద్దవలసింది యజమానే. మీరు చెప్పదలచుకుంటే ఏ రోజు ఏం జరిగిందో రాసిపెట్టుకోండి, ఒంటరిగా వెళ్ళకండి. స్త్రీలపై లైంగిక వేధింపులైతే 2013 చట్టం ఉంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదులు వినే కమిటీ ఉండి తీరాలి. అంతకంటే తక్కువమంది ఉన్నచోట జిల్లా స్థాయి కమిటీకి చెప్పుకోవచ్చు.

మా షెడ్డులో పాడైన చేతుల కట్టను పట్టుకుని ఐదుగురు ఆడవాళ్ళు కలిసి వెళ్ళాకగానీ యజమాని వినలేదు. మాస్టారు కటింగ్ బల్ల దగ్గరే ఉన్నాడు. మనుషులకు పని పురమాయించే బాధ్యతను మాత్రం మరొకరికి అప్పగించారు.