సంచి ఖర్చు మామిడి రైతు నెత్తిన వేయొద్దు

పైన వీడియోలో మామిడి గుజ్జు నింపే వెండి రంగు సంచి చూశారు కదా. దాన్ని ఎసెప్టిక్ బ్యాగు అంటారు. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల తోతాపురి గుజ్జు ఎక్కువగా ఇందులోనే విదేశాలకు పోతుంది. వేడిచేసి క్రిములు లేకుండా చేసిన గుజ్జును గాలి తగలకుండా సంచిలో నింపి, ఇనుప డ్రమ్ములో పెట్టేస్తారు. ఫ్రిజ్ అక్కర్లేదు, ఏడాదికి పైనే చెడిపోకుండా ఉంటుంది. ఒక్కో డ్రమ్ముకు సుమారు 215 కిలోలు.

చిక్కల్లా ఒకటే. ఇది ఒక్క పొర సంచి కాదు. ప్లాస్టిక్ పొరలు, వాటికి అల్యూమినియం పూత, అన్నీ కలిపి అతికించేసి ఉంటాయి. వాడేశాక విడదీయడం చాలా కష్టం.

యూరోపియన్ యూనియన్ కొత్త ప్యాకేజింగ్ చట్టం ఇలాంటి సంచులకు గురిపెట్టింది. 2025 ఫిబ్రవరి 11న చట్టమైంది, 2026 ఆగస్టు 12 నుంచి వర్తిస్తుంది. 2030 నాటికి అక్కడ అమ్మే ప్యాకింగ్ అంతా రీసైకిల్ అయ్యేలా ఉండాలి. ఆహారానికి తగిలే ప్లాస్టిక్‌లో, పెట్ కాని రకమైతే, కనీసం 10 శాతం వాడిన ప్లాస్టిక్ నుంచి తీసింది కలపాలి. మన దగ్గర్నుంచి పోయే సరుకుకూ ఇదే లెక్క.

నన్నడిగితే చట్టం మంచిదే. పొలంలో ప్లాస్టిక్ షీటు వద్దు, గడ్డీ ఆకులూ కప్పండి అని చెప్పే మనం దీన్ని ఎట్లా తప్పుపడతాం? మన దేశంలో కూడా రీసైకిల్ కాని పొరల ప్లాస్టిక్‌ను రెండేళ్లలో ఆపేయాలని 2016 నిబంధనల్లో రాశారు. 2018లో సడలించేశారు.

నా భయం వేరే. కొత్త సంచికి ఖర్చు పెరిగితే, ఆ బిల్లు ఎవరికి వస్తుంది? 2025 సీజన్ మనం మరిచిపోలేదు. కాయ నిండిన ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేట్ల ముందు రోజుల తరబడి నిలబడ్డాయి. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అన్నారు. ఆ ఎనిమిదీ చాలామందికి సరిగా అందలేదు. రేపు "యూరప్ రూలు వచ్చింది, కాయకు రేటు తగ్గించాలి" అంటే రైతు ఏం జవాబు చెప్పాలి?

జవాబు లెక్కలోనే ఉంది. కిలో గుజ్జుకు సుమారు రెండు కిలోల కాయ పడుతుంది. అంటే ఒక్క సంచికి 430 కిలోల కాయ. ఉదాహరణకు సంచి ధర వంద రూపాయలు పెరిగిందనుకోండి. కిలో కాయ మీద పడేది 23 పైసలు. పావలా కూడా కాదు! ఆ పేరు చెప్పి రూపాయి, రెండు రూపాయలు కోస్తే అది సంచి ఖర్చు కాదు, సాకు.

కాబట్టి సీజన్ ముందు కలెక్టరు దగ్గర రేటు మీటింగు జరిగినప్పుడు రైతు సంఘాలు ఒక్క మాట అడగాలి: సంచి ఖర్చు ఎంత పెరిగిందో కాగితం మీద చూపించండి, ఆ తర్వాతే కాయ రేటు మాట్లాడదాం.

మనకూ ఓ మాట. బెల్లం, వేరుశనగ, మామిడి తాండ్ర తళతళలాడే పొరల పౌచ్‌లలో పెట్టి "ప్రకృతి వ్యవసాయం" అని స్టిక్కరు వేస్తున్నాం. దగ్గర ఊళ్లకు అమ్మే సరుకుకైనా కాగితం సంచో, గాజు సీసానో, ఒకే రకం ప్లాస్టిక్ కవరో చాలదా? ఫ్యాక్టరీని అడిగే ముందు మన సంచి మనం మార్చుకుంటే, మీటింగులో గొంతు ఇంకాస్త గట్టిగా లేస్తుంది.