ముందు వేళ్లు తెరవమనండి

పక్షవాతం వచ్చిన మనిషిని ఆస్పత్రిలో చేర్చి, ప్రాణానికి ఢోకా లేదని తెలిశాక ఇంటివాళ్లు అడిగేది ఒక్కటే: చెయ్యి వస్తుందా, మళ్లీ నడుస్తారా? దానికి వచ్చే జవాబూ ఒక్కటే: టైం పడుతుంది, ఫిజియోథెరపీ చేయించండి, చూద్దాం. కొడుకు సెలవు పెట్టాలా ఉద్యోగమే మానేయాలా, మేడ మీది అద్దె ఇల్లు ఖాళీ చేయాలా, ఉన్న దొడ్డి తీసేసి కమోడ్ పెట్టించాలా, పొలం కౌలుకివ్వాలా అన్నవన్నీ ఆ ‘చూద్దాం’ మీదే తేలాలి. అందుకే మణికట్టుకు, చీలమండకు, నడుముకు కట్టే చిన్న సెన్సర్లతో ఎవరు ఎంత కోలుకుంటారో ముందే చెప్పవచ్చంటున్న పరిశోధనలు ఆశ పుట్టిస్తున్నాయి. ఆ ఆశ న్యాయమైనదే. కానీ చేయి విషయంలో మొదటి అంచనాకు చాలామందికి యంత్రమే అక్కర్లేదు. రోగి ఇల్లు చేరాక ఆ అంచనా నిజమవుతోందా లేదా అని కనిపెట్టి ఉండటానికే సెన్సర్ కావాలి. మన దగ్గర డబ్బు ఖర్చు పెట్టాల్సింది అక్కడ.

మంచం పక్కన నిలబడి రెండు పనులు చేయించి చూడాలి. పడిపోయిన చేతిని భుజం నుంచి పక్కకు ఎత్తమనాలి, ముడుచుకున్న వేళ్లను తెరవమనాలి. నెదర్లాండ్స్‌లో 188 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, స్ట్రోక్ వచ్చిన 72 గంటల్లో ఈ రెండు కదలికలూ కొద్దిగానైనా కనిపించినవారికి ఆరు నెలల నాటికి ఆ చెయ్యి ఎంతో కొంత పనికొచ్చే అవకాశం 98 శాతం. రెండూ లేనివారికి 25 శాతం. తొమ్మిదో రోజుకు కూడా రాకపోతే అది 14 శాతానికి పడిపోతుంది. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే ప్రధాన నరాల దారి ఎంత మిగిలిందన్నదే ఇక్కడ అసలు సంగతి. పిడికిలి బిగించడానికి వేరే దారులూ కొంత సాయపడతాయి గానీ, వేళ్లు తెరవడానికి దాదాపు ఆ దారే దిక్కు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో కేథీ స్టినియర్ బృందం దీన్ని ఒక పద్ధతిగా మలిచింది. మూడో రోజున భుజానికి 5, వేళ్లకు 5, మొత్తం 10 మార్కులు వేస్తారు. 5 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే వయసు చూసి అంచనా చెప్పేస్తారు. తక్కువ వచ్చినవారికే మెదడును అయస్కాంతంతో ప్రేరేపించే పరీక్ష కావాలి. మూడు నెలల తర్వాత చెయ్యి ఎలా ఉంటుందో నలుగురిలో ముగ్గురికి సరిగ్గా చెప్పగలిగామని 2017లో వాళ్లు ప్రకటించారు. తొలి మెట్టుకు పైసా ఖర్చు లేదు, పట్టేది రెండు నిమిషాలు. అయినా ఆ మార్కులు కేస్ షీట్‌లో రాసిపెట్టే అలవాటు మన దగ్గర ఇంకా పాతుకోలేదు.

నడక విషయం వేరు. అక్కడ కంటికి అందనిది సెన్సర్‌కు అందుతుంది. ఫోన్‌ను అడ్డంగా తిప్పితే తెర కూడా తిరిగేలా చేసే చిప్ లాంటిదే ఇందులోనూ ఉంటుంది. పది మీటర్ల నడకకు స్టాప్‌వాచ్ ఇచ్చేది ఒక్క అంకె. నడుముకు, చీలమండలకు కట్టిన సెన్సర్లయితే ఏ కాలి మీద ఎంతసేపు నిలుస్తున్నారు, ఒళ్లు ఎటు తూలుతోంది, అడుగు అడుగుకీ తేడా ఎంత అన్నవన్నీ చెబుతాయి. సెకనుకు 0.4 మీటర్ల లోపు నడక ఇంటివరకే సరిపోతుందని, 0.8 దాటితే బయట స్వేచ్ఛగా తిరగొచ్చని వైద్యుల్లో ఒక లెక్క ఉంది. ఆస్పత్రి వదిలే నాటికి రోగి నడక ఇంటివరకేనా, బయటికీ సరిపోతుందా అన్నది చెప్పడానికి, చేరినప్పటి సెన్సర్ కొలతలు సాయపడ్డాయని చికాగోలోని షర్లీ ర్యాన్ ఎబిలిటీ ల్యాబ్ పరిశోధకులు 2022లో చూపించారు. మంచి పనే. అయితే ఇలాంటి అధ్యయనాల్లో రోగులు పదుల్లోనే ఉంటారు, కొలతలు వందల్లో ఉంటాయి. అంత తక్కువమందిలో పొసిగిన సూత్రం తర్వాతి ఆస్పత్రిలో పొసగకపోవచ్చు. పోగొట్టుకున్న శక్తిలో సుమారు 70 శాతం తిరిగొస్తుందని 2008లో వచ్చిన సూత్రం ఈ రంగాన్ని పదేళ్లు ఏలింది. మొదటి మార్కుకూ కోలుకున్న మేరకూ పొంతన చూసే లెక్కలో మొదటి మార్కే రెండు వైపులా ఉండటం వల్ల ఆ పొంతన ఉన్నదానికన్నా గట్టిగా కనిపించిందని 2019లో పరిశోధకులు ఎత్తిచూపాక దాని మెరుపు తగ్గింది. జోస్యం ఎంత నున్నగా ఉంటే అంత అనుమానించాలి.

సెన్సర్ నిజంగా కళ్లు తెరిపించింది మరో చోట. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో కేథరిన్ లాంగ్ బృందం రెండు మణికట్లకూ సెన్సర్లు కట్టి, ఏ చెయ్యి రోజుకు ఎన్ని గంటలు కదులుతోందో లెక్కేసింది. ఆరోగ్యంగా ఉన్నవారిలో రెండు చేతులూ దాదాపు సమానంగా కదులుతాయి. కుడిచేతివాటం వారిలోనూ కుడిచేతితో పోల్చిన ఎడమ చేతి నిష్పత్తి 0.95 దాకా ఉంటుంది. స్ట్రోక్ తర్వాత ఇది బాగా పడిపోతుంది. ఆశ్చర్యం అది కాదు. 78 మందికి గట్టిగా సాధన చేయించి, 2017లో ఫలితాలు ప్రకటిస్తే, క్లినిక్‌లో పరీక్ష పెట్టినప్పుడు చెయ్యి మెరుగైంది, ఇంట్లో దాని వాడకం మాత్రం పెరగలేదు. చేయగలగడం ఒకటి, చేయడం ఇంకొకటి. ఫిజియోథెరపిస్ట్ ఎదుట గ్లాసు ఎత్తిన చెయ్యి, ఇంటికెళ్లి ఒళ్లో కూర్చుంటుంది. దీన్ని ఏ పరీక్షా పట్టుకోలేదు, చేతికి కట్టిన పట్టీ పట్టుకుంది.

భారతదేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1,250 మందితో జరిగిన ‘అటెండ్’ అధ్యయనాన్ని ఇక్కడ తలచుకోవాలి. ఇంటివాళ్లకే వ్యాయామాలు నేర్పి పంపితే మేలు జరుగుతుందేమో చూద్దామని చేసిన ప్రయత్నమది. ఫలితం 2017లో లాన్సెట్‌లో వచ్చింది. ఆరు నెలలకు చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడ్డవారు కలిపి అలా నేర్పి పంపిన వర్గంలోనూ, మామూలు సేవ అందుకున్న వర్గంలోనూ 47 శాతమే. మందు పనిచేయలేదా, అసలు మందు లోపలికే వెళ్లలేదా? ఇంటి గోడల మధ్య చెయ్యి ఎన్నిసార్లు కదిలిందో యంత్రం రాసిపెట్టకుండా ఈ ప్రశ్న తెగదు. మూడో రోజు మార్కుకు అసలు విలువ కూడా ఇక్కడే. 8 మార్కులు వచ్చిన మనిషి ఆరో వారంలో కూడా ఆ చెయ్యి వాడటం లేదని పట్టీ చెబితే, తప్పింది రోగి కాదు, మన సేవ. ఫిజియోథెరపిస్ట్‌ను ముందుగా ఎవరింటికి పంపాలో అది తేల్చేస్తుంది.

అయితే పట్టీ కూడా తప్పులు చేస్తుంది. నడిచేటప్పుడు చెయ్యి ఊగినా, ఆటో కుదుపుకు అదిరినా అది పనికింద లెక్క కట్టవచ్చు. వాకర్ పట్టుకుని నడిచేవాడి మణికట్టు కదలదు కాబట్టి బజారులో దొరికే ఫిట్‌నెస్ బ్యాండ్ చాలా అడుగులు వదిలేస్తుంది. పైగా చెంచాతో తినేవారి కదలికల మీద తయారైన లెక్క, పప్పన్నం కలిపి ముద్ద చేసే వేళ్లను ఎలా చదువుతుంది? కుడిచెయ్యి పడిపోతే ఎడమచేత్తో నలుగురిలో తినడానికి సిగ్గుపడి తినిపించుకునేవారు మన ఇళ్లలో ఉంటారు. అప్పుడు రెండు చేతులూ కదలవు, నిష్పత్తి మాత్రం ముచ్చటగా కనిపిస్తుంది. నిమ్స్ లాంటి సంస్థలు మన రోగుల మీదే ఈ కొలతలు సేకరించాల్సింది ఇందుకే.

చెడు అంచనా చెబితే రోగి కుంగిపోడా అంటారు. కుంగిపోవచ్చు. కానీ అంచనాలు ఇప్పుడూ ఉన్నాయి, పైకి చెప్పరంతే. ‘ఈయన లేవడు’ అని మనసులో అనుకున్న రోగి దగ్గర ఎవరూ ఎక్కువసేపు నిలబడరు. రాసిపెట్టిన అంచనానైతే ప్రశ్నించవచ్చు, తొమ్మిదో రోజున మార్చవచ్చు. అసలు భయం వేరే ఉంది. ఆక్లాండ్‌లో థెరపిస్టులకు అంచనా ముందే తెలియడం వల్ల రోగులు దాదాపు వారం ముందే ఇంటికెళ్లారు, ఫలితాలు చెడలేదు. అక్కడ ఇంటికెళ్లినా పునరావాస సేవ వెంట ఉంటుంది. ఇక్కడ అదే అంకె బీమా సంస్థ చేతికో, పడకలు చాలని వార్డు చేతికో చిక్కితే ‘ఎలాగూ రాదు’ అనే కోతకు సాకు అవుతుంది. అందుకే మార్కు తక్కువ వచ్చిందని థెరపీ తగ్గించకూడదన్న నిబంధన ముందే ఉండాలి. సెన్సర్ల టెండర్లు తర్వాత పిలవొచ్చు. మూడో రోజు భుజం, వేళ్ల మార్కులు వేసే గడి ఒకటి కేస్ షీట్‌లో చేర్చమని ఉత్తర్వు ఇవ్వడానికి వైద్యారోగ్య శాఖకు ఏ బడ్జెట్టూ అక్కర్లేదు.