ఫ్లాష్ చేద్దామా... వద్దా?

కాచిగూడ చౌరస్తా నుంచి బర్కత్‌పుర దాకా మేడమీది గదుల్లో రాత్రి పన్నెండైనా లైట్లు ఆరవు. పోటీ పరీక్షల పుస్తకాలు కొందరివి, పెళ్లి వీడియోల ఎడిటింగు ఇంకొందరిది. పగలు కాలేజీ, రాత్రి మూడుముళ్లూ తలంబ్రాలూ కత్తిరించి అతికించడం. ఈ రెండో రకం కుర్రాళ్లకి గ్రాఫిక్స్ కార్డంటే ఆట వస్తువు కాదు, నెలనెలా గది అద్దె కట్టే సాధనం. వాళ్ల దగ్గర్నుంచి తరచూ వినిపించే ప్రశ్న ఒక్కటే... ‘నా కార్డుకి కొత్త బయాస్ ఉందట. వేసుకోమంటారా?’

పది మందిలో తొమ్మిది మందికి వద్దనే చెప్పాలి. ఆ పదో మనిషికి మాత్రం వేసుకోక తప్పదు. మీరు ఆ తొమ్మిది మందిలో ఉన్నారా, ఆ ఒక్కరా అన్నది తేల్చుకోవడమే అసలు పని.

ముందుగా ఓ గందరగోళం వదిలించుకుందాం. డ్రైవరు వేరు, ఫర్మ్‌వేర్ వేరు. డ్రైవరు మీ హార్డ్‌డిస్కులో ఉంటుంది. అది చెడితే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి తీసేసి, పాతది వేసుకోవచ్చు. నెలకోసారి మార్చినా కొంప మునగదు. ఫర్మ్‌వేర్ అలా కాదు. కార్డు మీదే ఎనిమిది కాళ్ల చిన్న చిప్ ఒకటుంటుంది, చింతగింజ కన్నా చిన్నది. దాన్లో దాచిన ప్రోగ్రామే వీడియో బయాస్. మీరు పవర్ బటన్ నొక్కగానే, విండోస్ ఇంకా కళ్లు తెరవకముందే, కార్డుని నిద్రలేపేది అదే. మెమరీని ఎంత వేగంతో నడపాలి, ఎంత కరెంటు తాగొచ్చు, ఫ్యాన్ ఎప్పుడు తిరగాలి, బొమ్మని ఏ సాకెట్‌లోంచి పంపాలి... అన్నీ దాన్లోనే రాసుంటాయి. దాన్ని చెరిపి కొత్తది రాయడాన్నే ‘ఫ్లాష్ చేయడం’ అంటారు. రాసే పని కాసేపే. ఆ కాసేపట్లో కరెంటు పోయిందా, మళ్లీ ఆన్ చేస్తే నల్లటి తెరే!

ఫర్మ్‌వేర్ పోతే ఏమవుతుందో కాస్త వయసున్న కంప్యూటరువాళ్లకి గుర్తుండే ఉంటుంది. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ అనే వైరస్ విజృంభించింది. అది ఫైళ్లు చెరపడంతో ఆగలేదు. కొన్ని రకాల మదర్‌బోర్డుల బయాస్ చిప్‌లోనూ చెత్త రాసేసింది. ఆ కంప్యూటర్లు కనీసం ఫ్లాపీ కూడా చదవలేని స్థితికొచ్చాయి. చిప్ మార్చడమో, బయటి యంత్రంతో మళ్లీ రాయించడమో తప్ప దారిలేకపోయింది. అక్కడ వైరస్ చేసిన పనిని ఇక్కడ మనం మన చేత్తో చేసుకునే అవకాశం ఉందన్నమాట.

మరి కంపెనీలు ఈ అప్‌డేట్లు ఎందుకిస్తాయి? సరదాకైతే కాదు. 2016లో కొన్ని జీటీఎక్స్ 1070 కార్డుల్లో మైక్రాన్ మెమరీ ఉన్నవి తెర మీద గళ్లూ మెరుపులూ చూపించాయి. తయారీదార్లు కొత్త బయాస్ ఇచ్చి సరిచేశారు. 2018లో ఎన్‌విడియా ఓ చిన్న టూల్ విడుదల చేసింది. డిస్‌ప్లేపోర్ట్‌తో కొత్త మానిటర్లు కలిపితే విండోస్ వచ్చేదాకా తెర నల్లగా ఉండిపోయేది, దానికి మందు అది. 2025లో ఆర్‌టీఎక్స్ 5060 కుటుంబానికి కూడా అలాంటిదే... రీబూట్ చేస్తే తెర నల్లబడే జబ్బు, దానికో ఫర్మ్‌వేర్. ఇలాంటి చోట ఆలోచించక్కర్లేదు. జబ్బు పేరు మందుసీసా మీద రాసుంది, మీకూ అదే జబ్బుంది, వేసుకోండి. జబ్బు లేకపోతే సీసా మూత తీయకండి.

వేగం కోసం చేసుకునేవాళ్ల సంగతి వేరు. 2021 మార్చిలో ఆర్‌టీఎక్స్ 30 వరస కార్డులకి ‘రీసైజబుల్ బార్’ అనే సదుపాయం కోసం ఎన్‌విడియా కొత్త బయాస్ తెచ్చింది. ప్రాసెసరు కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి చూడగలగడం దాని కిటుకు. కొన్ని గేముల్లో నాలుగైదు శాతం మెరుగు, కొన్నింట్లో ఏమీ లేదు. పైగా మదర్‌బోర్డూ, ప్రాసెసరూ కూడా ఒప్పుకోవాలి. 2020 జనవరిలో ఇంకో చిత్రం జరిగింది. ఏఎండీ ఆర్‌ఎక్స్ 5600 ఎక్స్‌టీ అమ్మకానికి రాబోతుంటే పోటీ కార్డు ధరని ఎన్‌విడియా తగ్గించేసింది. ఏఎండీ చివరి క్షణంలో కొత్త బయాస్ పంపి మెమరీ వేగాన్ని 12 నుంచి 14 గిగాబిట్లకి పెంచింది. అప్పటికే డబ్బాల్లో సర్దేసిన కార్డులు పాత బయాస్‌తోనే దుకాణాలకి చేరాయి. డబ్బా మీద పేరు ఒకటే, లోపలి వేగాలు రెండు! కొన్నవాళ్లు ఫ్లాష్ చేసుకుంటే తప్ప పూర్తి విలువ రాలేదు. నా ఉద్దేశంలో వేగం కోసం చేసిన అప్‌డేట్లలో న్యాయమైనది అదొక్కటే.

అదృష్టం కలిసొచ్చిన కథలూ ఉన్నాయి. 2010 చివర్లో రేడియాన్ 6950కి అన్నగారైన 6970 బయాస్ ఎక్కిస్తే చాలా కార్డుల్లో మూసిపెట్టిన భాగాలు తెరుచుకున్నాయి. 2016లో మొదటి విడత ఆర్‌ఎక్స్ 480 ‘4 జీబీ’ కార్డులు కొన్నింట్లో నిజానికి 8 జీబీ చిప్‌లే ఉండేవి. బయాస్ మారిస్తే మిగతా సగం బయటపడింది. ఈ కథలు విని ఇవాళ్టి కార్డు మీద ప్రయోగం చేయకండి. ఇప్పటి కార్డుల్లో ఫర్మ్‌వేర్‌కి కంపెనీ డిజిటల్ సంతకం ఉంటుంది. మార్చిన బయాస్‌ని అవి దగ్గరికి రానివ్వవు.

ఇక ఆ పదో మనిషి దగ్గరికొద్దాం. మన ఊళ్లో ఫర్మ్‌వేర్ గొడవ ఎక్కువగా ఉన్నది కొత్త కార్డుల దగ్గర కాదు, సెకండ్‌హ్యాండ్ బజారులో. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం నాణేన్ని గ్రాఫిక్స్ కార్డులతో తవ్వే పద్ధతికి తెరపడింది. రాత్రింబవళ్లు నాణేలు తవ్విన కార్డులన్నీ ఒక్కసారిగా అమ్మకానికొచ్చాయి. ముఖ్యంగా ఆర్‌ఎక్స్ 470, 570, 580. చేతిలో కాస్త డబ్బున్న కుర్రాడికి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పోయినా, ఇంటర్నెట్‌లో వెతికినా ముందు కంట్లో పడేవి అవే. తవ్వేవాళ్లు వాటి అసలు బయాస్‌ని తీసేసి, మెమరీ టైమింగులు బిగించి, కరెంటు తగ్గించి సొంత బయాస్ రాసుకున్నారు. తవ్వకానికి అది బాగానే ఉంటుంది. మీరు ఎడిటింగు మొదలుపెడితే మాత్రం తెర మీద చుక్కలు, మధ్యలో ఆగిపోవడం. లేదా డ్రైవరే ఎక్కదు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, ‘కోడ్ 43’. ఏఎండీ డ్రైవరు బయాస్‌లో సంతకం చూసి, కలవకపోతే పక్కకి తప్పుకుంటుంది.

ఇలాంటి కార్డు మీ దగ్గరుంటే ఫ్లాష్ చేయడం దుస్సాహసం కాదు, వైద్యం. మీరు చేస్తున్నది కొత్తది వేయడం కాదు, కార్డు పుట్టినప్పటి బయాస్‌ని తిరిగివ్వడం. అయితే ఏదో ఒక 580 బయాస్ దించుకుని ఎక్కిస్తే కుదరదు. అదే కంపెనీ, అదే మోడల్, మెమరీ కూడా అదే కావాలి. శామ్‌సంగ్, హైనిక్స్, మైక్రాన్, ఎల్పిడా... ఒకే మోడల్‌లో ఈ నాలుగింట్లో ఏదైనా ఉండొచ్చు. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఆ పేరు చెబుతుంది. పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కి, ఇప్పుడున్న బయాస్‌ని ముందుగా పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. అది ఎంత చెత్తదైనా సరే, తెర మీద బొమ్మ చూపించే బయాసే కదా! అన్నట్టు ఇదే ప్రోగ్రామ్ 2018 నుంచి దొంగ కార్డుల్ని కూడా పట్టిస్తోంది. ఎప్పటిదో జీటీఎస్ 450కి కొత్త పేరు బయాస్ రాసి ‘జీటీఎక్స్ 1050 టీఐ’ అని అంటగట్టేవాళ్లున్నారు. అలాంటిదాన్ని ఏ ఫ్లాషూ బాగుచేయలేదు.

‘ఏం కాదన్నా, రెండు నిమిషాల పని, నేను కొట్టిస్త’ అనే దుకాణం తమ్ముడు ప్రతి వీధిలో ఉంటాడు. నిజంగానే రెండు నిమిషాల పని. అయితే పాత బయాస్ దాచాడా, ఫైలు ఎక్కడిది, ఏదైనా అయితే బాధ్యత ఎవరిది... ఈ మూడూ అడిగాకే కార్డు చేతికివ్వండి. ఫ్లాష్ చేసే ప్రోగ్రామ్ ‘ఐడీ కలవట్లేదు’ అని అడ్డుపడితే దాన్ని దాటించే ఆప్షన్ ఉంటుంది. తమ్ముడు దాని మీద వేలు పెట్టబోతుంటే కార్డు తీసుకుని ఇంటికొచ్చేయండి.

ఇంకో మాట. వారంటీ ఉన్న కార్డయితే కంపెనీ ఇచ్చిన ఫైలు తప్ప ఏదీ ముట్టుకోవద్దు. ల్యాప్‌టాప్‌లో అయితే ఈ బయాస్ చాలాసార్లు మదర్‌బోర్డు బయాస్‌లోనే కలిసి ఉంటుంది, దాని జోలికే పోకండి. మే నెల ఎండల్లో మీ కార్డు ఆగిపోతోందంటే ముందు చూడాల్సింది ఫర్మ్‌వేర్‌ని కాదు, ఫ్యాన్‌లో దుమ్ముని, ఎండిపోయిన థర్మల్ పేస్టుని, చవగ్గా కొన్న పవర్ సప్లైని.

అన్నీ చూసుకుని చేయాలనే నిర్ణయించుకున్నారా? పెళ్లిళ్ల సీజన్లో మాత్రం వద్దు. ఒప్పుకున్న వీడియోలన్నీ అప్పగించేశాక, యూపీఎస్ మీద చేయండి. కార్డు మీద ఓ చిన్న మీట ఉందేమో చూడండి. కొన్ని మోడళ్లలో రెండు బయాస్‌లుంటాయి, ఒకటి పోయినా మీట జరిపితే రెండోది లేస్తుంది. మీ ప్రాసెసరులో సొంత గ్రాఫిక్స్ ఉందో లేదో కూడా ముందే తెలుసుకోండి. పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో ఉండదు. ఉంటే కార్డు మూగబోయినా తెర వెలుగుతుంది, దాచుకున్న బయాస్‌ని మళ్లీ రాసేయొచ్చు. లేకపోతే స్నేహితుడి దగ్గర ఇంకో కార్డు అడిగి పక్కన పెట్టుకుని మరీ మొదలుపెట్టండి.

అప్పటికీ లేవకపోతే సీహెచ్341ఏ అనే చిన్న ప్రోగ్రామర్, దానికో క్లిప్పు ఉంటాయి. చిప్‌ని క్లిప్పుతో పట్టుకుని నేరుగా రాసేస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలాంటి ఎలక్ట్రానిక్ విడిభాగాల బజార్లలో అడగొచ్చు. చిప్ మీది నంబరు రాసుకుని వెళ్లండి. కొన్ని చిప్‌లకి 3.3 ఓల్టులు కావాలి, కొన్నింటికి 1.8 ఓల్టులే. రెండో రకమైతే విడిగా ఓ అడాప్టర్ కూడా అడిగి తెచ్చుకోండి.