రక్తకణముల లెక్క తుది తీర్పు కాదు

ఎముక క్యాన్సరు రోగి భవిష్యత్తును సామాన్య రక్తపరీక్షయు కొంత సూచించును. చికిత్సకు ముందు తెల్లకణములలో న్యూట్రోఫిల్‌లు హెచ్చి, లింఫోసైట్‌లు తగ్గినవారు తక్కువ కాలము జీవించినట్లు పలు పరిశోధనలు తెలిపినవి. కాని జ్వరము, చీముగడ్డ సైతము ఆ నిష్పత్తిని మార్చును. కనుక ఆ అంకె వైద్యునికి సూచనయే గాని రోగికి శిక్ష కాదని మా అభిప్రాయము. వేళకు రోగమును గుర్తించుటయే ముఖ్యము.

శ్రీ సిటీ ప్రాంతమున ఎముక నొప్పి యనగానే పుత్తూరు కట్టు స్ఫురించును. ఎముక విరిగినపుడు అది ప్రసిద్ధమే. దెబ్బ తగులకయే యువకుల మోకాలివద్ద వాపు వారముల తరబడి నిలిచినచో మాత్రము కట్టుతో సరిపెట్టరాదు. ఎక్స్‌రే, అవసరమైనచో ముక్క పరీక్ష చేయించవలెను. తిరుపతిలోనే 2022లో క్యాన్సరు ఆసుపత్రి వెలసినది. మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృంద కృషితో వెలువడిన మెథోట్రెక్సేటు నేటికిని ఈ రోగమునకు వాడుచున్నారు.

విద్యార్థులారా, నొప్పిని దాచకుడు. కళాశాల సంఘమువారు ఏటా ఒక వైద్యునిచే ఉపన్యాస మిప్పింపవలెనని మా మనవి.