పొరుగు పట్టణముల పొత్తు

సాయంకాలము పఠనాలయపు అరుగుమీద పత్రికలు చదువుకొనువారి నడుమ ఒక ఫిర్యాదు తప్పక వినబడును: "పిల్లలకు ఆడుకొన చోటు లేదు, పాలకులకు పట్టలేదు." ఇందు మొదటి భాగము నిజము. రెండవ భాగము సగము మాత్రమే నిజము. పాలకులకు పట్టిన కాలమును గూడ మనము చూచితిమి. ఆ పట్టుదల గడచిన పిదప మనకు మిగిలిన దేమి యని ప్రశ్నించుకొనుట నేటి అవసరము.

2023 డిసెంబరు 26వ తేదీన గుంటూరు చెంత నల్లపాడులో "ఆడుదాం ఆంధ్రా" పోటీలు ఆరంభమైనవి. క్రికెట్టు, వాలీబాలు, కబడ్డీ, ఖోఖో, బాడ్మింటను అను ఐదు ఆటలలో పదునైదేండ్లు దాటిన స్త్రీ పురుషులకు ప్రవేశ మిచ్చిరి. సచివాలయము, మండలము, నియోజకవర్గము, జిల్లా అను మెట్లు గడచి అవి 2024 ఫిబ్రవరి 13న విశాఖపట్నములో ముగిసినవి. ఆటయే జీవనోపాధిగా లేని సామాన్యులకై, పొలమున పనిచేయువారికి, దుకాణమున నిలుచువారికి, చదువుకొనువారికి ఇంత విస్తారముగా పోటీలు జరుపుట మంచి యోచనయే. దానిని మేము కాదనము. కాని ఏటేట జరుపుదుమన్న ఆ వేడుక ఒక్క మారుతో ఆగినది. 2024లో ప్రభుత్వము మారినది. 2025లో ఆ పోటీల వ్యయమునుగూర్చి శాసనసభలో చర్చ జరిగి విచారణకు ఆదేశ మైనది. ఏ పక్షము ఒప్పు, ఏ పక్షము తప్పు అనునది విచారణలు తేల్చవలసిన సంగతి. మన ప్రశ్న వేరు. ఆ పోటీల మెట్లలో నర్సీపట్నము ఒక మెట్టు. మెట్టు నెక్కి పోవుదురు గాని మెట్టుమీద కాపురముండరు. పందిరి వేసినవారే పందిరి విప్పుకొని పోయిరి.

పైనుండి దిగిన పండుగ పైవారితోనే పోవును. ఊరివారు ఎత్తుకొన్న పండుగ ఊర నిలుచును. మన గ్రామదేవతల జాతరలు ఏ ప్రభుత్వపు ఉత్తరువుతో జరుగుచున్నవి? రాజులు పోయిరి, జమీందారులు పోయిరి, తెల్లదొరలు పోయిరి, జాతర నిలిచినది. అందుచేత మేము చేయు సూచన యిది: నర్సీపట్నము, యలమంచిలి, తుని పురపాలక సంఘములు, అనకాపల్లి పురజనులు, పాయకరావుపేటవంటి పెద్ద పంచాయతీలు చేతులు కలిపి ఈ ప్రాంతపు ఔత్సాహిక క్రీడోత్సవమును ఏటేట తామే జరుపవలెను.

ఒక్క పట్టణమే ఏల జరుపరాదని కొంద రడుగవచ్చును. మన రైలు స్టేషనును చూచినచో సమాధానము దొరకును. నర్సీపట్నం రోడ్డు అను ఆ స్టేషనుకు పేరు మనది, చోటు మాత్రము ఊరికి రెండామడల దూరమున నున్నది. పరస్థలపు జట్టు రైలు దిగిన క్షణము నుండియే మనకు పొరుగువారి సాయము కావలెను. వందలకొలది యువకులకు బస, భోజనము, స్నానపు వసతి, ఆటస్థలములు ఒక్క చిన్న పట్టణమున సమకూర్చుట దుస్సాధ్యము. నాలుగు ఊళ్లు పంచుకొన్నచో తలకొక బరువు తేలిక యగును. ఉదాహరణకు, మన్యమునకు వాకిలియైన నర్సీపట్నమున పరుగు పందెములు, విలువిద్య, కబడ్డీ, రైలు వసతిగల తునిలో వాలీబాలు, బాడ్మింటను, యలమంచిలిలో ఖోఖో, అనకాపల్లిలో కుస్తీ, బరువులెత్తుట. ఈ పంపకమే సరియని మా పట్టు కాదు. పంచుకొనవచ్చునని చూపుటకే చెప్పితిమి.

జిల్లాల గీతలు అడ్డమనువారు కలరు. 2022 ఏప్రిలు 4 నుండి నర్సీపట్నము అనకాపల్లి జిల్లాలోను, తుని కాకినాడ జిల్లాలోను, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోను ఉన్నవి. తాండవ నదికి ఈవల పాయకరావుపేట, ఆవల తుని, నడుమ వంతెన. ఉదయము ఆ వంతెన దాటి పనికి పోయి సాయంకాలము తిరిగివచ్చు వానికి తాను జిల్లా దాటుచున్నానన్న తలపే యుండదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలమీద పడిన మన్యవీరులు ఏ సరిహద్దు రాళ్లను లెక్కించిరి? గీతలు దస్త్రముల సౌకర్యమునకు గీచినవి. మనుష్యుల రాకపోకలకు అవి కట్టలు కానేరవు.

ఇట్టి పొత్తు లోకమున క్రొత్త కాదు. 1946లో, యుద్ధమున ఓడి, నగరములు బూడిదయై, తిండిగింజలకు కటకటపడుచుండిన జపానుదేశము, బాంబుల వాత పెద్దగా పడని క్యోటో నగరమును కేంద్రముగా చేసికొని, చుట్టుపట్ల నగరముల తోడ్పాటుతో దేశ క్రీడోత్సవమును జరిపినది. ఆనాటి నుండి అది ప్రాంతము వెంట ప్రాంతమునకు తిరుగుచున్నది. ఏ ప్రాంతమువంతు వచ్చినను అందలి పురములు, చిన్న ఊళ్లు ఒక్కొక్క ఆటను పంచుకొనును. సత్రములు చాలని చోట్ల గృహస్థులే క్రీడాకారులకు తమ యిండ్ల చోటిచ్చిరి. అయితే ఒక హెచ్చరికయు అచ్చటనే కలదు. 2024లో ఆ దేశపు ప్రాంత పాలకులే ఈ ఖర్చు తమకు భారమగుచున్నదనియు, ఉత్సవపు పద్ధతిని మార్చవలెననియు బాహాటముగా పలికిరి. ఆడంబరము పెరిగినకొలది ఆతిథ్యము బరువగును. కాన మన ఉత్సవము చిన్నదిగానే మొదలై చిన్నదిగానే నడువవలెను.

కెనడాలో నయాగరా జలపాతపు ప్రాంతమున పండ్రెండు పురపాలక సంఘములు కలిసి 2022 ఆగస్టులో ఆ దేశపు వేసవి క్రీడోత్సవమునకు ఆతిథ్య మిచ్చినవి. కోవిడు వ్యాధిచే ఒక యేడు వాయిదా పడినను పొత్తు చెడలేదు. ఆ సందర్భమున థొరోల్డు పట్టణములో కట్టిన క్రీడాప్రాంగణమునకు అచ్చటి ప్రాంతీయ పరిపాలనా సంస్థ, రెండు పురపాలక సంఘములు, ఒక విశ్వవిద్యాలయము ఉమ్మడి యజమానులు. అంత దూరమేల? 2025 జనవరి 28 మొదలు ఫిబ్రవరి 14 వరకు ఉత్తరాఖండమున జరిగిన 38వ జాతీయ క్రీడలలో ముష్టియుద్ధము పిథోరాగఢ్ కొండపట్టణమునకు, యోగాసనములు అల్మోరాకు, పడవ పందెములు టిహరీ జలాశయమునకు పంచిరి. రాజధాని యొక్కటే పెండ్లికొడుకై కూర్చుండలేదు.

పొత్తులు రెండు విధములు. ఉత్తరువుచే కలిపిన పొత్తు ఒకటి. ఇష్టముచే కలిసిన పొత్తు ఒకటి. మొదటిదాని చేదు ఆంధ్రులకు తెలియనిది కాదు. చీరాల పేరాలలను జోడించి మునిసిపాలిటీగా చేసి పన్నులు పెంచినప్పుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున 1921లో ప్రజలు ఇండ్లు విడిచి ఊరి వెలుపల రామనగరు కట్టుకొని నెలల తరబడి ఎండకు వానకు ఓర్చిరి. మన కాలమున, 1861లో వెలసిన భీమునిపట్నపు పురపాలక సంఘము, 1877లో వెలసిన అనకాపల్లి పురపాలక సంఘము 2013లో మహా విశాఖ నగరపాలక సంస్థలో లీనమైనవి. తరతరముల స్వపరిపాలనముగల రెండు సంఘములకు తమ పేరిట సభయే లేకపోయినది. మేము కోరు పొత్తు అట్టిది కాదు. ఏ ఊరి సభ ఆ ఊరిదే, ఏ ఊరి బొక్కసము ఆ ఊరిదే. పని మాత్రము ఉమ్మడి.

"కాలువలు తీయుటకే డబ్బు లేదు, కబడ్డీకి ఎక్కడిది?" అని పెద్దలు గద్దింతురు. న్యాయమైన ప్రశ్న. కాలువల సొమ్ము ఆటలకు మరలింపుమని మేము చెప్పము. కాని ఆటస్థలము విలాసమని తలచుట పొరపాటు. 1993 జూను 1 నుండి అమలునకు వచ్చిన రాజ్యాంగపు 74వ సవరణము పురపాలక సంఘములకు అప్పగింపదగిన పనుల జాబితాలో ఉద్యానములను, ఆటస్థలములను పేరు పెట్టి చేర్చినది. అదే సవరణము జిల్లా ప్రణాళికా సంఘమున పట్టణముల, పంచాయతీల ఉమ్మడి ప్రయోజనములను యోచింపుమనుచున్నది. చట్టము వాకిలి తెరచియే యున్నది. లోనికి అడుగిడువారు కావలెను. క్రొత్త భవనములు అక్కరలేదు. సెలవులలో ఉన్నత పాఠశాలల గదులు బసలగును. పాఠశాలల మైదానములు చదును చేసినచో ఆటస్థలములగును. వర్తక సంఘములు బియ్యము, పప్పు ఇచ్చును. వైద్యులు వంతులవారీగా కూర్చుందురు. కావలసినది ధనము కొంత, శ్రమదానము మిక్కిలి.

అయినను, సద్భావ మొక్కటే చాలదు. న్యాయవాద వృత్తిలో ఏండ్ల తరబడి చూచిన సత్య మొకటి చెప్పుదుము: వ్రాత లేని పొత్తు వ్యాజ్యమునకు విత్తనము. ఒక్క కంచమున తిన్న అన్నదమ్ములే బావి వాటాకై కోర్టు మెట్లెక్కుదురు. కాన ఆటలకు ముందే ఒడంబడిక వ్రాసికొనవలెను. ఎవరి వాటా ఎంత, ఏ లెక్కన. నష్టము వచ్చిన నెవరు భరింతురు. ఎవరికైన దెబ్బ తగిలినచో వైద్యవ్యయ మెవరిది. కొన్న సామగ్రి, బాగుచేసిన మైదానము పిదప ఎవరి స్వాధీనమున నుండి ఎవరిచే పోషింపబడును. ఆరంభ సభ ఏ యూర, ముగింపు సభ ఏ యూర, మరుసటి యేడు ఆ వంతు ఎట్లు మారును: ఇవన్నియు కాగితముమీద నుండవలెను. సభల గడువు ఐదేండ్లే. ఒడంబడిక సభ్యులకంటె ఎక్కువకాలము బ్రదుకవలెను. ఆటలు ముగిసిన నెలలోగా జమాఖర్చులు అచ్చువేసి ప్రతి పఠనాలయపు గోడకు అంటింపవలెను. వేదికమీద ఏ నాయకుని చిత్రపటము, ఏ పక్షపు రంగు ఉండరాదు. ఈ కట్టడి లేనిచో ఎన్నికల గాలి మారినప్పుడెల్ల పోటీలును మారును.

"ఔత్సాహిక" మను మాటను గూర్చి ఒక ముక్క. ఆంగ్లేయుల దేశమున హెన్లీ పడవ పందెములవారు చేతిపని చేయు కూలివానిని ఔత్సాహికుడు కాడని 1930వ దశకము వరకు వెలివేసిరి. చేతికి కాయలు కాచినవాడు ఆటకు అనర్హుడట! మన మర్యాద వేరుగా నుండవలెను. రోజుకూలి వదలుకొని వచ్చు యువకునకు ఆ దినపు కూలి మొత్తము ఉమ్మడి నిధి నుండి ఇచ్చుట ఔత్సాహికతకు భంగము కాదు. అది లేనిచో మైదానమున కలవారి బిడ్డలే మిగులుదురు. చింతపల్లి, కొయ్యూరు మన్యపు బిడ్డలకు బస్సు ఛార్జీ, ముందు రాత్రి బస తప్పక కావలెను. ఆడపిల్లల కొరకు మరుగైన స్నానపు గదులు, స్త్రీ పర్యవేక్షకులు, చీకటి పడకముందే ముగియు పోటీలు ఏర్పాటు కానిచో, తల్లిదండ్రులు పంపలేదని నిందించు హక్కు మనకు లేదు.

ఆడపిల్లల వలన నేమగునని యడుగువారికి ఈ ఉత్తరాంధ్రమే ఉత్తరము. ఆముదాలవలస ప్రాంతమున బరువు లెత్తుట అలవరచుకొన్న కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సున కాంస్యపతకము గెలిచి, ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ మహిళ యైనది. విశాఖ బిడ్డ జ్యోతి యర్రాజి 2023లో ఆసియా పోటీలలో 100 మీటర్ల హర్డిల్సు పరుగున స్వర్ణము గొన్నది. ఇట్టివారు వేయింటికొకరు. మన పని ఆ యొక్కరిని పుట్టించుట కాదు. తక్కిన తొమ్మిదివందల తొంబదితొమ్మిదిమందికి పరుగెత్త చోటు చూపుట.

సహకారము మన నేలకు అపరిచితము కాదు. యలమంచిలి చెంత ఏటికొప్పాకలో 1933లోనే రైతులు వాటాలు వేసికొని సహకార చక్కెర కర్మాగారమునకు పునాది వేసిరి. ఎన్నో కారణములచే ఏటికొప్పాక, తాండవ కర్మాగారముల గానుగలు నేడు నిలిచిపోయినవి. ఆ పొగగొట్టములను చూచినప్పుడెల్ల మనకు రెండు సంగతులు తోచవలెను: కలిసినచో కట్టగలము, కాచుకొననిచో నిలుపుకొనలేము.

కనుక ముందడుగు పెద్దది కానక్కరలేదు. మొదటి యేడు మూడు పట్టణములు, మూడు ఆటలు, మూడు దినములు చాలును. నర్సీపట్నపు సభ్యులలో ఎవరైన ఒక్కరు సభలో తీర్మానము ప్రతిపాదించి, దాని నకలును తునికి, యలమంచిలికి పంపుదురు గాక. ఏ పక్షమువా రాపని చేసినను మేము మెచ్చుకొందుము. ఎవ్వరును చేయనిచో, పఠనాలయముల వారే మూడు ఊళ్ల నుండి ఇద్దరిద్దరు కూర్చుండి ఒడంబడిక ముసాయిదా వ్రాయుదురు గాక. దానిని పరిశీలించి సరిదిద్దు పనికి మేము రుసుము లేకయే సిద్ధముగా నున్నాము. అరుగుమీది ఫిర్యాదు ముసాయిదాగా మారిన దినమున స్వపరిపాలనము మన వీధిలోనికి వచ్చినదని చెప్పవచ్చును.